చీకట్లో చేతికి తెలిసే రేడియో

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి తెగిపోయిన మా పిన్నీవాళ్ల ఫోను మర్నాడు పొద్దుపోయాక గాని కలవలేదు. "బాగానే ఉన్నామే, పెరట్లో రెండు చెట్లు పడ్డాయంతే" అని పిన్ని చెప్పాక, వాళ్లబ్బాయి హైదరాబాదు నుంచి నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఇంకోసారి ఇలా కాకూడదు. అమ్మావాళ్లకి రేడియో ఒకటి కొంటాను. బొమ్మ పంపించాను చూడు. నువ్వు సరేనంటే ఆర్డరు పెట్టేస్తాను."

చూశాను. ఎర్రటి ప్లాస్టిక్ పెట్టె. పక్కన చేత్తో తిప్పే పిడి, నెత్తి మీద అరచేతిలో సగం కూడా లేని సోలార్ పలక, ముందు టార్చిలైటు, వెనక ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటు, సైరను, దిక్సూచి. ధర మూడు వేల పైచిలుకు. ‘ఎమర్జెన్సీ రేడియో’ అని పెద్దక్షరాలు. లోపలి రేడియో ఎలా పలుకుతుందో చెప్పే మాట మాత్రం అందులో ఒక్కటీ లేదు.

వద్దురా అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. డబ్బు దండగని అంటున్నాననుకున్నాడేమో. డబ్బు సంగతి కాదు. అమ్మానాన్నల మీద ప్రేమతో కొన్న వస్తువు కావలసిన రాత్రి పలక్కపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటిది నేనూ ఒకటి కొన్నాను, అది తర్వాత చెప్తాను. వాడితో ఫోన్లో చెప్పింది చాల్లేదనిపించి ఇది రాస్తున్నాను. ఏటిగట్టు కింద, సముద్రం ఒడ్డున పెద్దవాళ్లని ఉంచి ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు కదా, వాళ్లకి కూడా.

ముందు ఫోను మాట. ఫోనుండగా ఇప్పుడు రేడియో ఏమిటండీ అని మా స్కూల్లో తోటి టీచర్లే అడుగుతారు. తుపానుకు నాలుగు రోజుల ముందయితే ఫోనుకు సాటి వచ్చేది ఏదీ లేదు, ఒప్పుకుంటాను. అల్పపీడనం వాయుగుండంగా మారిన దగ్గర్నించి దాని దారి మ్యాపు మీద చూసుకోవచ్చు. 2023లో, ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్‌ని పరీక్షించినప్పుడు జేబుల్లో, బల్లల మీద ఫోన్లన్నీ ఒక్కసారిగా కూతపెట్టడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. దాన్ని తక్కువ చేయను.

కానీ వాతావరణ శాఖ హెచ్చరికలు ఏ వరసలో వస్తాయో చూడండి. తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి, తీరం దాటడానికి 12 గంటల ముందు నుంచి మరొకటి. ఈ చివరిది, తీరం దాటాక లోపలి ఊళ్లలో ఏమవుతుందో చెప్పేది. మొదటి రెండూ వచ్చేసరికి మన ఫోను నిండా ఛార్జింగుతో ఉంటుంది. మూడోది వచ్చే వేళకే చిక్కంతా. గాలి ముదిరేసరికి కరెంటువాళ్లే లైన్లు ఆపేస్తారు, తెగిన తీగ మీద ఎవరూ కాలు వేయకూడదని. సెల్ టవరు కాసేపు బ్యాటరీల మీద నడుస్తుంది, తర్వాత డీజిల్ మీద. రోడ్డుకు అడ్డంగా కొబ్బరిచెట్లు పడివున్న ఊరికి డీజిల్ ఎలా చేరుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పడినప్పుడు విశాఖపట్నమంతటి నగరంలోనే కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. మనది కోనసీమలో లంకల మధ్య ఊరు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఒకచోట తప్పకుండా ఆగుతాను. అవి 1 నుంచి 11 వరకూ ఉంటాయి. 10 దాకా గాలి సంగతి, తుపాను రేవుకు ఎటు పక్కగా దాటుతుందన్న సంగతి చెప్తాయి. 11 వేరు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దాని అర్థం. రేవు మీద పడబోయే మహా తుపానుకు పెట్టిన అంకె కన్నా పై అంకె, కబురు అందకపోవడానికి పెట్టారు. సముద్రంతో బతికినవాళ్లు ఏర్పరచుకున్న వరస అది. మా తమ్ముడికి ఆ రాత్రంతా హైదరాబాదులో నిద్ర పట్టనిది కూడా అందుకే. గాలి వేగం వాడికి టీవీలో తెలుస్తూనే ఉంది, అమ్మ గొంతే వినపడలేదు. ఇక్కడ పిన్నికి గాలి చెవుల్లోనే ఉంది, అది ఎప్పుడు తగ్గుతుందో చెప్పే గొంతు లేదు. వాడి బాధ రేడియో తీర్చలేదు. పిన్ని బాధ తీరుస్తుంది.

అయితే ఏ రేడియో? రేడియో కొనేముందు స్టేషను ఎంచుకోవాలి అంటాను నేను. కరెంటు పోయిన రాత్రి మన ఊరికి మాట్లాడే స్టేషను ఏది? దాన్ని పట్టేదే మన రేడియో.

ఎఫ్‌ఎం చక్కగా, గలగలా వినిపిస్తుంది. ఉరుములు ఉరిమినా గరగర ఉండదు. కానీ దాని కెరటం దాదాపు చూపు మేర తిన్నగా పోతుంది. దూరం పోయేకొద్దీ నేల వంపు అడ్డం వస్తుంది. అంటే మనకు వినపడే ఎఫ్‌ఎం మనకు దగ్గరలోనే ఎక్కడో ఉన్న టవరు నుంచి రావాలి. మనల్ని కొట్టిన గాలే దాన్నీ కొడుతుంది. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు తయారుచేసి చదివే అనుమతి లేదు. పాటలు వినడానికి అవి బాగుంటాయి.

ఆకాశవాణి పాతరోజుల నుంచి పలుకుతున్న బ్యాండు మీడియం వేవ్. దాని కెరటం నేలని అంటిపెట్టుకుని పాకుతుంది. పొడినేల కన్నా తడినేల మీద, ఉప్పునీటి మీద ఇంకా బాగా పాకుతుంది. వరిచేలు, కాలవలు, బోదెలు, ఉప్పుటేర్లు నిండిన మన డెల్టాకి ఇంతకన్నా తగిన బ్యాండు లేదు. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్. విశాఖపట్నం 927. హైదరాబాదు 738. అమలాపురం నుంచి గాలిదారిన విజయవాడ ఇంచుమించు 150 కిలోమీటర్లు పడమట, విశాఖ 180 దాకా ఈశాన్యాన. మనం సరిగ్గా ఇద్దరి మధ్యా ఉన్నాం. కోనసీమ మీద పడిన తుపాను ఆ రెంటినీ ఒకేసారి పడగొట్టడం అరుదు. మనకి కావలసిన స్టేషను మన తుపానుకు దూరంగా ఉండాలి, మన చెవికి దగ్గరగా ఉండాలి. ఈ రెండూ కుదిరేది మీడియం వేవ్ మీదే.

"నేను చూశాను లే అక్కా, మీడియం వేవ్ పెడితే అంతా గరగరే" అన్నాడు తమ్ముడు. నిజమే, అది వాడి ఫ్లాటులో. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టరు, టీవీ పెట్టె, అన్నీ మీడియం వేవ్ మీద రొద పోస్తాయి. ఒకసారి ఇంటి మెయిన్ ఆపేసి పెట్టి చూడమన్నాను. మన పల్లెల్లో ఊరు ఊరంతా కరెంటు పోయిన రాత్రి ఈ రొద మొత్తం ఆగిపోతుంది. అన్ని రోజులూ గొంతు బొంగురుపోయినట్టు వినపడే 837, సరిగ్గా మనకు అవసరమైన రాత్రి తేటగా వినిపిస్తుంది. మెరుపులకి మధ్యమధ్య చిటపటమంటుంది, అది తప్పదు. మాట మాత్రం అందుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోయారు. మీడియం వేవ్ కోసం పైకి లాగే పుల్ల ఎంత లాగినా లాభం లేదు, అది ఎఫ్‌ఎంకి. మీడియం వేవ్ పట్టే యాంటెన్నా లోపల అడ్డంగా పడుకోబెట్టిన నల్లటి ఫెర్రైటు కడ్డీ. అందుకని స్టేషను సరిగా రాకపోతే రేడియోనే తిప్పాలి. మా వైపు అయితే రేడియో మొహం గాని వీపు గాని పడమటికి ఉంటే విజయవాడ నిండుగా వస్తుంది. రేకుల ఇంట్లో, ఇనుము నిండిన శ్లాబు కింద కొంచెం తగ్గుతుంది, కిటికీ దగ్గర పెట్టాలి. పెంకుటింట్లో ఆ బాధ లేదు. మా తాతయ్య రేడియోని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చేతుల్లో పెట్టుకుని అటూ ఇటూ తిరగడం చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. కడ్డీ సంగతి తెలిశాక అర్థమైంది.

కొనేటప్పుడు పరీక్ష మధ్యాహ్నం చేయండి. రాత్రిపూట మీడియం వేవ్ ఆకాశం నుంచి తిరిగి కిందికి వస్తుంది, ఎక్కడెక్కడి స్టేషన్లూ వినపడతాయి, చౌకరకం రేడియో కూడా గొప్పగా కనిపిస్తుంది. పట్టపగలు, ఇంటి లోపల, 837 మాట తెలిసేలా వచ్చిందంటే అది పనికొచ్చే రేడియో.

ఇప్పుడు ఆ ఎర్రపెట్టె దగ్గరికి వద్దాం. దాని మీద ‘వెదర్ బ్యాండ్’ అని ఉంది. వినగానే మన తుపాన్ల కోసమే చేశారనిపిస్తుంది. అది 162 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా ప్రభుత్వం నడిపే వాతావరణ ప్రసారం. అక్కడి జనానికి ప్రాణం లాంటిది, రాత్రింబవళ్లు మాట్లాడుతూనే ఉంటుంది. మన దేశంలో ఆ బ్యాండు మీద అలాంటి ప్రసారం లేదు. ఆ మీట నొక్కితే పిన్నికి హోరు తప్ప ఏమీ వినపడదు. తుపాను రాత్రి ఆ హోరు విని, రేడియో పాడైపోయిందనో, స్టేషన్లన్నీ పడిపోయాయనో అనుకుంటే?

అంతకన్నా చిన్న చిక్కు, కానీ ప్రాణాంతకమైనది ఇంకోటి ఉంది. అంకెలు కనిపించే డిజిటల్ రేడియోలు మెట్టుమెట్టుగా కదుల్తాయి. అమెరికాలో మీడియం వేవ్ మెట్టు 10, మనకు 9. మన స్టేషన్ల అంకెలన్నీ తొమ్మిదితో భాగించబడేవే, చూసుకోండి: 738, 837, 927. అక్కడి కోసం చేసిన రేడియో 830 మీద ఆగుతుంది, 840 మీద ఆగుతుంది, 837 మీద ఆగదు. కొన్నిటికి మెట్టు మార్చే వీలుంటుంది, ఆ వీలుంటేనే కొనాలి. ముల్లు తిరిగే పాతరకం రేడియోకి ఈ గొడవే లేదు. ముల్లు ఎక్కడైనా ఆగుతుంది.

ఇక సెల్లుల సంగతి. ఇది నేను 1996లో నేర్చుకున్నాను, అందుకని కొంచెం వివరంగా చెప్పాలి.

1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజుల ముందు. బళ్లకు సెలవులిచ్చారో, గాలికి మూసేశారో నాకిప్పుడు గుర్తు లేదు, నేను ముమ్మిడివరం వైపు మా తాతయ్య గారింట్లో ఉన్నాను. 11 ఏళ్లు. బహుళపక్షం, చీకటి. సాయంత్రం నుంచే గాలి. తాతయ్య దగ్గర తోలుతొడుగు వేసిన ట్రాన్సిస్టరు ఉండేది, తొడుగుకి స్పీకరు మేర చిల్లులు. దీపావళి పనుల్లో పడి సెల్లులు తెచ్చుకోవడం ఎవరికీ తోచలేదు. ఉన్న సెల్లులు అప్పటికే నీరసించాయి. అమ్మమ్మ వాటిని పొద్దున ఎండలో పెట్టి తీసింది. పొద్దున మబ్బే గాని ఎండెక్కడిది.

పొద్దుపోయాక పక్కింటి పెంకులు లేచిపోతుంటే వాళ్లూ, వెనక తాటాకింటి వాళ్లూ అంతా మా తాతయ్య గారి డాబా గదిలోకి వచ్చేశారు. ఇరవై మంది దాకా ఉంటాం. రేడియో పెట్టారు. గొంతు వచ్చింది, సన్నబడింది, పోయింది. తాతయ్య సెల్లులు తీసి చేతుల మధ్య రుద్ది మళ్లీ వేస్తే ఇంకో రెండు నిమిషాలు వచ్చింది. అంతే. ఆ తర్వాత రాత్రి మాకు వినిపించిందల్లా గాలీ, చెట్లు విరిగే చప్పుడూ.

ఉన్నట్టుండి గాలి తగ్గింది. ఎంత తగ్గిందంటే ఇంట్లో పిల్లల ఏడుపు వినపడింది. ‘హమ్మయ్య, దాటిపోయింది’ అన్నారు ఎవరో. పక్కింటి మావయ్య గారు పశువుల్ని చూసొస్తానని తలుపు తీసుకుని వెళ్లారు. తుపాను నడినెత్తిన ఉన్నప్పుడు దాని కన్ను కింద గాలి ఆగుతుందని, కన్ను దాటాక అంతే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుందని అక్కడున్న ఇరవై మందిలో ఎవరికీ తెలియదు. తెలిసిన గొంతు ఆ తోలుతొడుగులో ఉంది, సెల్లులు లేక. ఆయన పశువుల పాక దగ్గరుండగా గాలి మళ్లీ లేచింది, ఈసారి ఇవతలి వైపు నుంచి. తెల్లారి ఆయన్ని దూలం కింద నుంచి తీశారు. బతికారు. కుడికాలు మాత్రం మళ్లీ మామూలు కాలేదు.

ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రం మీదికి వెళ్లిన మత్స్యకారుల్లో వందల మంది తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరితోటలు తోటలే ఒరిగిపోయాయి. ఇంత పెద్ద దుఃఖం పక్కన రెండు సెల్లుల మాట చిన్నదే. కానీ మా డాబా గదిలో ఆ రాత్రి తక్కువైనవి ఆ రెండే.

అందుకని నా మాట ఇది: బజారులో, కిళ్లీకొట్లో కూడా దొరికే సెల్లులతో నడిచే రేడియో కొనండి. లోపల అతికించిన బ్యాటరీ మాత్రమే ఉన్నది కొనకండి. లిథియం బ్యాటరీ మంచిదే, రోజూ వాడితే. ఏడాదిపాటు బీరువాలో పడుంటే నెమ్మదిగా ఖాళీ అయిపోతుంది, మరీ ఖాళీ అయితే మళ్లీ ఛార్జింగు ఎక్కదు. కొన్ని చిన్న రేడియోల్లో పాత నోకియా ఫోన్ల బ్యాటరీ రకం వేస్తారు, అది కనీసం విప్పి మార్చుకోవచ్చు.

ఒక మామూలు రేడియో మోస్తరు గొంతుతో పలికితే 40 మిల్లియాంపులు లాగుతుందనుకుందాం. 2000 మిల్లియాంపు గంటల ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులు 50 గంటలు వస్తాయి. గంటకోసారి పది నిమిషాలు పెట్టి ఆపేస్తే అది పన్నెండు రోజులు. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లులయితే దానికి ఎన్నో రెట్లు. పెద్ద సెల్లులకి ఇంకో గుణం కూడా ఉంది. పెన్సిల్ సెల్లులు ఇంట్లో నిలవవు, టీవీ రిమోటుకీ గోడగడియారానికీ పోతాయి. పెద్ద సెల్లు జోలికి ఎవరూ రారు.

మామూలు చౌక సెల్లులు రేడియోలోనే వదిలేస్తే కారతాయి. మన ఉప్పుగాలికి స్ప్రింగులు పచ్చగా చిలుమెక్కుతాయి. అంచేత సెల్లులు రోజూ వాడేటప్పుడు లోపల, దాచేటప్పుడు బయట. కొన్న తేదీ వాటి మీదే పెన్నుతో రాయాలి. స్ప్రింగులకి ఏడాదికోసారి కొంచెం వాజలైను. రేడియోనీ అదనపు సెల్లుల్నీ గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బాలో, అటక మీద కాకుండా చేతికందే గూట్లో పెట్టాలి. అటక ఎక్కిన వస్తువు కరెంటు పోయాక దిగదు.

నేను కొన్న ఎర్రపెట్టె సంగతి చెప్తానన్నాను కదా. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటాక కొన్నాను. అచ్చం తమ్ముడు చూపించిన లాంటిదే, పిడీ సోలారూ అన్నీ ఉన్నది. ఏ కంపెనీదన్నది ఇప్పుడు అనవసరం. నాలుగు రోజులు పిల్లలు పిడి తిప్పి ఆడుకున్నారు, తర్వాత బీరువాలో పెట్టాను. 2022 జులైలో గోదారి వచ్చి మా వీధి చివరికి నీళ్లు చేరి కరెంటు తీసేసినప్పుడు బయటికి తీశాను. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. పిడి తిప్పుతున్నంతసేపూ గుర్రుగుర్రుమంది, ఆపగానే ఆగిపోయింది. తిప్పేటప్పుడు ఆ మర చప్పుడుకి వార్త వినపడదు. మా అత్తగారు కాసేపు తిప్పి, "నా చెయ్యి అవదమ్మా" అని నా చేతికిచ్చేశారు. ఆవిడకి 70 దాటాయి. సోలారు మాట ఎత్తక్కర్లేదు, తుపాను నాడు సూర్యుడు కనపడడు. మామూలు సెల్లులు కూడా వేసుకునే వీలుండి, పిడి అదనంగా ఉంటే నాకు అభ్యంతరం లేదు. పిడి మీదే ఆధారపడేది మాత్రం పెద్దవాళ్లున్న ఇంటికి తగదు.

ఇంతకీ రేడియో ఎవరి చేతిలో ఉంటుంది? మా తమ్ముడు హైదరాబాదులో కూచుని తన చేతికి తగ్గది ఎంచుతున్నాడు. ఆ రాత్రి దాన్ని వాడేది పిన్ని. బాబాయికి ఒక చెవి సరిగా వినపడదు. పిన్నికి కళ్లద్దాలు లేకపోతే అక్షరం ఆనదు. చీకటి, తడిచేతులు, కంగారు. ఆ చేతులకి తెలిసేలా ఉండాలి రేడియో. ఒక చక్రం గొంతుకి, ఒక చక్రం స్టేషనుకి, ఒక మీట బ్యాండు మార్చడానికి. గొంతు చక్రం తిప్పితే టక్కుమని ఆన్ అవ్వాలి, ఆ టక్కు వేలికి తెలియాలి. మెనూలు, గంటసేపు నొక్కిపట్టే బటన్లు, నీలం లైటు అంకెలు వద్దు. ఆరిపోయి మళ్లీ వెలిగించినప్పుడు స్టేషను మరిచిపోయే రేడియోలున్నాయి, అవీ వద్దు.

స్పీకరు పెద్దదిగా ఉండాలి. ఇది ఎవరూ పట్టించుకోరు. తుపాను రాత్రి రేడియోని ఒకరు వినరు, ఇంట్లో చేరిన వాళ్లందరూ వింటారు. గాలి హోరు మీద వినపడాలి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకరు విని పక్కవాళ్లకి చెప్తే, మూడో మనిషి దగ్గరికి వెళ్లేసరికి మాట మారిపోతుంది. ఫోన్లో ఎఫ్‌ఎం ఉంది కదా అనేవాళ్లకి కూడా నా జవాబు ఇదే. ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచమని 2023లో కేంద్రం తయారీదారులకి సలహా ఇచ్చింది, మంచి పని. దానికి యాంటెన్నాగా ఇయర్‌ఫోన్ తీగ కావాలి, మీడియం వేవ్ రాదు, ఫోను ఛార్జింగు అయిపోతే అదీ అయిపోయినట్టే.

వాకీటాకీలు కొందామా అని కూడా అడిగాడు. మాట్లాడే రేడియోలకి చాలావాటికి లైసెన్సు కావాలి. హామ్ రేడియో వాళ్లు, అంటే సొంత సెట్లతో దూరాలకి మాట్లాడే ఔత్సాహికులు, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటారు, తుపాన్లలో వాళ్ల సేవ గొప్పది. ఊళ్లో కుర్రాళ్లు ఎవరైనా ఆ పరీక్ష రాస్తే నేను ఎంతో సంతోషిస్తాను. పిన్నికి మాత్రం వినే రేడియో చాలు.

తుపాను మాటే చెప్తూ వచ్చాను గాని, మన డెల్టాలో రేడియో అసలు అక్కరకొచ్చేది గోదారి వరదకి. తుపాను ఒక్క రాత్రి. వరద వారం, పది రోజులు. లంకల్లో కరెంటు లేకుండా, పడవ మీద తప్ప దారి లేకుండా గడిపే ఆ రోజుల్లో కావలసింది అంకెలు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు. ఆ ఒక్క రోజులోనే గేదెల్ని గట్టెక్కించాలి, ధాన్యం అటకెక్కించాలి, ముసలివాళ్లని పడవెక్కించాలి. 2022 జులైలో భద్రాచలం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75 దాటి, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. మా మావగారు ఇప్పటికీ ప్రతి వరదనీ ఆ 35తోనే కొలుస్తారు. "భద్రాచలం ఎంత ఉందే?" అని అడిగి, మనం చెప్పిన అంకె విని, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో, మన వీధికి ఎప్పుడొస్తుందో చెప్పేస్తారు. అంకె సరైనదైతే ఆయన లెక్క దాదాపు తప్పదు.

అంకె సరైనదైతే. 2022లో మా వీధికి వాట్సాప్‌లో ఒక గొంతు వచ్చింది, పైన ఫలానా చోట గట్టు తెగిపోయింది, పారిపోండి అని. ఎవరి గొంతో తెలియదు. చంటిపిల్లలతో, వానలో, రాత్రి పది గంటలకి ఆడవాళ్లు రోడ్డెక్కారు. గట్టు తెగలేదు. ఆ రాత్రి నా చేతిలో పలికే రేడియో ఉండి ఉంటే అరుగు మీద పెట్టి అందరికీ వినిపించేదాన్ని. బాధ్యత గల మనిషి పేరు చెప్పుకుని చదివే వార్తకీ, ఎవరిదో తెలియని గొంతుకీ తేడా జనానికి తెలుసు. ఎంచుకోవడానికి మొదటిది అందుబాటులో ఉండాలి, అంతే.

అందుకే ఒక విషయం నాకు భయంగా ఉంది. దేశంలో కొన్నిచోట్ల పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లని మూసేస్తున్నారు. కొన్నిటిని డీఆర్‌ఎం అనే డిజిటల్ పద్ధతికి మారుస్తున్నారు. డీఆర్‌ఎంలో ధ్వని తేటగా ఉంటుంది, అత్యవసర హెచ్చరిక పంపే సదుపాయం కూడా ఉంది. కానీ దాన్ని పట్టే రేడియోలు ఎక్కువగా కొత్త కార్లలో ఉన్నాయి. మామూలు రేడియోలో పూర్తి డిజిటల్ ప్రసారం వానహోరులా వినిపిస్తుంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం మూడు తరాలుగా ఈ డెల్టాకి గొంతు. అంతర్వేది నుంచి కోరంగి దాకా ప్రతి తాటాకింట్లో డిజిటల్ రేడియో వచ్చేవరకూ, తీరప్రాంతపు మీడియం వేవ్ మామూలు రేడియోలకి వినపడేలా ఉండి తీరాలి. వినేవాళ్లు లేరు కదా అని మూసేయడానికి అది సినిమా హాలు కాదు. వింటున్నామని చెప్పడానికైనా మనం రోజూ వినాలి, ఉత్తరాలు రాయాలి. నేను రాస్తున్నాను.

చివరికి తమ్ముడు నా మాట విన్నాడు. రెండు బ్యాండ్ల, ముల్లు తిరిగే, పెద్ద సెల్లుల రేడియో ఒకటి రాజోలులో తీసుకున్నాం. వాడు చూసిన దాని ధరలో సగం కూడా కాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకి పిన్నీవాళ్ల వంటింట్లో మెయిన్ ఆపించి, మొహం పడమటికి పెట్టి తిప్పితే 837 వచ్చింది. బాబాయి మంచి చెవి అటు పెట్టి, "అబ్బో, ఇదింకా ఉందే!" అన్నారు. ఆ సంబరం చూసి తమ్ముడికి వీడియో తీసి పంపాను.

చీకట్లో గుర్తుండటానికి పిన్నికి ఉపాయం తనకే తోచింది. స్టేషను చక్రం మీద ఒక రాయి బొట్టుబిళ్ల, దాని ఎదురుగా రేడియో ఒంటి మీద ఇంకొకటి. ఫెవిక్విక్‌తో అంటించింది. రెండు రాళ్లూ వేలికి ఎదురెదురుగా తగిలితే విజయవాడ. కళ్లు మూసుకుని మూడుసార్లు పెట్టి చూపించింది. వెనక మూత మీద ఆపదలో ఫోన్ చేయాల్సిన నంబర్లు 112, 1070 అని పెద్దగా రాశాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే వార్తలకి పెడుతోంది, సెల్లులు ఎంత నీరసించాయో గొంతుని బట్టి ఆవిడకే తెలుస్తుందని.

విశాఖ ఇంకా కుదరలేదు. 927 వంటింట్లో పగలు అందటం లేదు, పెరట్లో నూతి దగ్గరికి తీసుకెళ్లి ఈశాన్యానికి తిప్పితే సన్నగా వస్తోంది. మూడో బొట్టుబిళ్ల డబ్బాలో అలాగే ఉంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వెళ్లి ముందుగది కిటికీ దగ్గర చూడాలి.